కోచే గోలీ అయిన రాత్రి

మంచు మీద ఆడే హాకీ మనకు ఎక్కువ ఎరుక లేదు గానీ, లెస్టర్ పాట్రిక్ ముచ్చట తెలుసుకోవాల్సిందే. 1883ల కెనడాల పుట్టిండు. వయసుల డిఫెన్స్ ఆటగాడు. 1926 నుంచి న్యూయార్క్ రేంజర్స్‌కు కోచ్.

1928 ఏప్రిల్ 7, మాంట్రియల్‌ల స్టాన్లీ కప్ ఫైనల్ రెండో మ్యాచ్. మొదటి మ్యాచ్ మరూన్స్ టీమ్ మీద అప్పటికే ఓడిండ్రు. నడిమిట్ల రబ్బరు బిళ్ల కంటికి తాకి రేంజర్స్ గోలీ షాబో దవాఖాన పాలైండు. ఇంకో గోలీ లేడు. ఆట చూడొచ్చిన వేరే టీమ్ గోలీని దించుతమంటే మరూన్స్ కోచ్ ఒప్పుకోలే. ఫైనల్ కదా, ఎందుకొప్పుకుంటడు? ఇగ 44 ఏండ్ల పాట్రిక్కే ప్యాడ్లు కట్టి నిలబడ్డడు. ఒక్కటే గోల్ ఇడిసిండు. ఓవర్‌టైంల ఫ్రాంక్ బూషే గోల్ కొడితే 2-1తో గెలిచిండ్రు. ఆఖరికి కప్పు గూడ వాళ్లకే వచ్చింది.

అందరు గా రాత్రినే యాది చేస్తరు. నాకైతే 1939 ఇంకా పెద్దగ కనిపిస్తది. పేరుండంగనే కోచ్ కుర్చీ దిగి, తన చేతికింద ఆడిన గా బూషేకే అప్పజెప్పిండు. తాను మేనేజర్‌గ ఉన్నడు. ఏడాది తిరగకముందే, 1940ల, కప్పు మళ్ల రేంజర్స్‌దే. గా టీమ్‌ల పాట్రిక్ కొడుకులు లిన్, మజ్ ఇద్దరు ఆడిండ్రు. 1960ల ఆయన కన్నుమూసేనాటికి వాళ్లు సుత రేంజర్స్‌కు కోచ్‌లుగ చేసిండ్రు.