నాలుగు వేల డాలర్ల యువకుడు

పువ్వు పుట్టగనే పరిమళించునని మన పెద్దలందురు. ఈ సామెతను వినని విద్యార్థి ఉండడు. పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్న బాలుని, పాటల పోటీలో బహుమతి గెలిచిన బాలికను చూపి మన యిండ్లలో ఈ మాటనే అందురు. అయితే పువ్వునకు పరిమళమున్నంత మాత్రమున చాలదు. దగ్గర నిలిచి దానిని గుర్తించువారును ఉండవలెను. పువ్వు ప్రక్కగనే నడచుచు దానిని గమనింపక పోయినవారు లోకమున ఎందరో కలరు. అట్టి యొక పువ్వు కథను మా చదువరులకు చెప్పదలచితిమి.

మన దేశమున క్రికెట్టు వలె అమెరికాలో బేస్‌బాల్ అను ఆట జనాదరణ పొందినది. ఒకడు బంతి విసరును. ఇంకొకడు గుండ్రని కర్రతో దానిని కొట్టి పరుగెత్తును. నాలుగు మూలలను చుట్టి వచ్చినచో ఒక పరుగు లభించును. అక్కడి ప్రతి పెద్ద జట్టునకును క్రింద కొన్ని చిన్న జట్లుండును. పదునెనిమిది, పందొమ్మిది యేండ్ల కుర్రవాండ్రను వానిలో చేర్చుకొని, ఆటలో తీర్చిదిద్ది, పిదప పెద్ద జట్టులోనికి తీసికొందురు. కావున అభిమానులకు ఆట లేని శీతకాలమంతయు ఒకటే చర్చ. మన కుర్రవాండ్రలో ఎవడు పైకి వచ్చును? ఎవని చేయి బలమైనది? ఎవని కాలు చురుకైనది? ఎవడు మధ్యలో జారిపోవును? మన వీధి అరుగులపై క్రికెట్టు కుర్రవాండ్రను గూర్చి జరుగు వాదములకును దీనికిని భేదము లేదు.

పిట్స్‌బర్గు అమెరికాలో ఉక్కు పరిశ్రమకు పేరొందిన నగరము. దాని జట్టు పేరు పైరేట్స్, అనగా ఓడదొంగలు. పేరెంత భయంకరమో ఆట అంత దీనముగ ఉండిన కాలమది. 1952వ సంవత్సరమున ఆ జట్టు 154 ఆటలాడి 112 ఓడిపోయెను. 1953లో 104, 1954లో 101 ఓటములు. ఉన్న ఆటగాండ్రపై ఆశ లేనపుడు రాబోవు కుర్రవాండ్రపైననే ఆశ పెట్టుకొనవలెను గదా! 1950లోనే ఆ జట్టువారు కాలిఫోర్నియాకు చెందిన పాల్ పెటిట్ అను పదునెనిమిదేండ్ల యువకునికి లక్ష డాలర్ల ఒప్పందమిచ్చి తీసికొనిరి. అంతకుముందు ఏ కుర్రవానికిని అంత సొమ్ము ముట్టలేదు. పాపము, ఆ యువకుని చేతికి నొప్పి పట్టుకొనెను. పెద్ద జట్టులో అతడు గెలిపించిన ఆట ఒక్కటే. అది అతని తప్పు కాదు. అతడు తరువాత పాఠశాలలో ఉపాధ్యాయుడై, పిల్లలకు ఆట నేర్పుచు గౌరవముగ బ్రదికెను. కాని లక్ష డాలర్ల తూకము తప్పినదని ఊరంతయు గ్రహించెను.

అదే జట్టు నాలుగేండ్ల తరువాత నాలుగు వేల డాలర్లకు తెచ్చుకొన్న యువకుడే మన కథానాయకుడు, రొబెర్టో క్లెమెంటే.

క్లెమెంటే 1934 ఆగస్టు 18వ తేదీన పోర్టోరికో ద్వీపమున కరోలినా అను పట్టణమున జన్మించెను. ఆ ద్వీపము 1898 నుండి అమెరికా పాలనలోనిది. ప్రజల భాష మాత్రము స్పానిష్. తండ్రి మెల్చోరు చెరకు తోటలలో కూలీలపై మేస్త్రీ. తల్లి పేరు లూయిసా. బిడ్డలలో ఇతడు కడగొట్టువాడు. చిన్ననాడు పాలడబ్బాలు మోసి, కూడబెట్టిన చిల్లర డబ్బులతో సైకిలు కొనుక్కొనెనని చెప్పుదురు. ఎల్లపుడు చేతిలో రబ్బరు బంతి నొకదానిని పిసుకుచుండెడివాడు. ఉన్నత పాఠశాలలో ఈటె విసరుటలో దిట్ట. ఆ ఈటె విసరిన చేయియే తరువాత లోకమును ఆశ్చర్యపరచినది.

1952లో, పదునెనిమిదవ యేట, శాంతుర్సే అను స్థానిక జట్టువారు వారమునకు 40 డాలర్ల జీతముపై అతనిని చేర్చుకొనిరి. 1954 ఫిబ్రవరిలో న్యూయార్కు నగరమునకు చెందిన బ్రూక్లిన్ జట్టువారు పదివేల డాలర్ల బహుమానమిచ్చి ఒప్పందము వ్రాయించుకొనిరి. ఇచట ఒక చిక్కు గలదు. ఆ దినములలో నాలుగు వేల డాలర్లకు మించి బహుమానమిచ్చి తీసికొన్న కుర్రవానిని పెద్ద జట్టులోనే ఉంచవలెనని నియమము. చిన్న జట్టునకు పంపినచో, ఆ సంవత్సరాంతమున ఏ జట్టువారైనను అతనిని కోరి తీసికొనవచ్చును. బ్రూక్లిన్ వారు తెలిసియే అతనిని కెనడాలోని మాంట్రియల్ చిన్న జట్టునకు పంపిరి.

ఆ యువకుని స్థితిని ఊహింపుడు. ఊరిలో ఫ్రెంచి భాష, జట్టులో ఇంగ్లీషు, అతనికి వచ్చినది స్పానిష్. చలి దేశము. ఆడనిచ్చినది 87 ఆటలలోనే. వానిలోను అనేకము అరకొరగా ఆడినవే. ఒకనాడు బాగుగ కొట్టినచో మరునాడు బల్లపై కూర్చుండబెట్టెడివారు. ఇతర జట్ల కంట పడకుండ దాచుటకే ఇట్లు చేసిరని కొందరును, అనుభవము చాలని కుర్రవానికి అది సహజమేయని కొందరును నేటికిని వాదింతురు. ఏది నిజమైనను, ఇరువది యేండ్లవానికి బల్లపై కూర్చుండుట బల్లపై కూర్చుండుటయే. కారణము చెప్పువారు లేనపుడు తనయందే లోపమున్నదని తోచును.

అపుడు పిట్స్‌బర్గు జట్టు వ్యవహారములను నడపుచుండినవాడు బ్రాంచ్ రిక్కీ. ఈయన వెనుక బ్రూక్లిన్‌లో ఉండగా నల్లజాతివారికి మూసియుండిన పెద్ద జట్ల తలుపును, 1947లో జాకీ రాబిన్‌సన్‌ను ఆడించి, తెరిపించినవాడు. రిక్కీ పంపగా క్లైడ్ సుకెఫోర్తు అను పరిశీలకుడు వేరొక ఆటగానిని చూచుటకై మాంట్రియల్ జట్టు ఆడుచోటికి వచ్చెను. ఆటకు ముందు అభ్యాసమున మైదానపు అంచు నుండి ఒక యువకుడు బంతి విసరుట ఆయన కంటబడెను. వచ్చిన పని మరచి ఆ యువకునే చూచెను. దాచినది దాగలేదు. 1954 నవంబరు 22న, తమ లీగులో అడుగున నిలిచిన జట్టు గనుక మొదటి కోరిక పిట్స్‌బర్గు వారికి దక్కెను. వారు నాలుగు వేల డాలర్లు చెల్లించి క్లెమెంటేను కోరుకొనిరి.

ఇక మంచి దినములు వచ్చినవని మా చదువరులు తలంతురేమో. అట్లు కాలేదు. ఆ డిసెంబరులోనే, జబ్బుతోనున్న అన్నను చూచి వచ్చుచుండగా, త్రాగి నడపుచున్న వాని బండి వచ్చి క్లెమెంటే కారును గుద్దెను. వెన్నెముక దెబ్బతినెను. ఆ నొప్పి జీవితమంతయు వదలలేదు. నొప్పియని చెప్పినచో, కండలు తిరిగిన యువకునికి నొప్పి యేమి, నటించుచున్నాడని పత్రికలవారు వ్రాసిరి.

బేస్‌బాల్‌లో ఆటగానిని వేయి అవకాశములకు ఎన్ని హిట్లు కొట్టెనను లెక్కతో తూచెదరు. 300 వచ్చినచో మేటి. మొదటి యేడు, అనగా 1955లో, క్లెమెంటేకు వచ్చినది 255. మరుసటి యేట 311 వచ్చెను గాని, మరల తగ్గెను. మైదానము దాటించు హోమ్ రన్‌లు మొదటి అయిదేండ్లలోను కలిపి 26 మాత్రమే. అభిమానుల తూకమున ముల్లు ఇటు నటు ఊగుచునే యుండెను.

ఆటకంటె కష్టమైనది మాట. అతని ఇంగ్లీషు ఇంకను తడబడుచుండెడిది. పత్రికలవారు అతని మాటలను సరిదిద్ది వ్రాయక, ఉచ్చారణలోని వంకరలతో సహా అచ్చువేసి నవ్వించిరి. స్పానిష్ భాషలో ఒక్క ప్రశ్న అడుగలేని వారే ఆ విధముగ నవ్విరి. రొబెర్టో అను పేరు నోటికి బరువని బాబ్ అని పిలిచిరి. ఆటగాండ్ర బొమ్మల కార్డులపైనను అట్లే ముద్రించిరి. తన పేరు రొబెర్టో యని అతడు ప్రతిసారి చెప్పుచునే వచ్చెను. వసంత శిక్షణకై ఫ్లోరిడాకు పోయినపుడు, నల్లవాడగుటచే, తెల్ల ఆటగాండ్రతో ఒకే హోటలులో బస చేయుటకు వీలు లేకపోయెను. దారిలో తోడివారు లోపల భోజనము చేయుచుండగా నల్ల ఆటగాండ్రు బస్సులో కూర్చుండవలసి వచ్చెడిది. అతడు దీనిని సహించి ఊరకుండలేదు. తమకు వేరు బండి కావలెనని పట్టుపట్టెను.

1960లో తూకము మారెను. ఆ యేట క్లెమెంటే 314 సగటుతో ఆడెను. పిట్స్‌బర్గు జట్టు న్యూయార్కు యాంకీలను ఓడించి జాతీయ విజేత అయ్యెను. తుది పోటీలోని ఏడు ఆటలలోను ఆయన హిట్టు కొట్టెను. కాని ఆ యేటి ఉత్తమ ఆటగాని ఎన్నికలో ఎనిమిదవ స్థానమే ఇచ్చిరి. ఆయన మిక్కిలి నొచ్చుకొనెను. ఆ నొప్పిని ఆటలో చూపెను. మరుసటి యేట 351 సగటుతో తమ లీగులో ప్రథముడయ్యెను. 1964, 1965, 1967 సంవత్సరములలోను ప్రథమస్థానము ఆయనదే. 1966లో ఉత్తమ ఆటగాడను బిరుదు తుదకు లభించెను. బంతి పట్టి విసరుటలో మేటికిచ్చు బంగారు చేతితొడుగును 1961 నుండి 1972 వరకు వరుసగా పండ్రెండు సార్లు గెలిచెను.

1971 తుది పోటీలో మొదటి రెండు ఆటలను పిట్స్‌బర్గు జట్టు బాల్టిమోరు చేతిలో ఓడెను. అప్పటికి క్లెమెంటే వయస్సు ముప్పది యేడు. ఏడు ఆటలలోను హిట్లు కొట్టి, 414 సగటుతో జట్టును గెలిపించెను. ఆట ముగిసిన పిదప దేశమంతయు టెలివిజనులో చూచుచుండగా ఆయనను మాటలాడుమనిరి. ఆయన మొదట స్పానిష్ భాషలో, పోర్టోరికోలోనున్న తన తల్లిదండ్రులను ఆశీర్వదింపుమని కోరెను. ఇంగ్లీషులో మాటలాడినది ఆ తరువాతనే. పదునారేండ్లు ఏ నోటిని చూచి నవ్విరో ఆ నోటినుండి, ఏ భాష పరాయిదనిరో ఆ భాషలో, ఆ మాట వెలువడెను. పోర్టోరికోలో ఎందరో కన్నీరు కార్చిరట. ఇంటిలో ఒక భాష, అంగటిలో మరియొక భాష మాటలాడు మనకు ఆ కన్నీటి అర్థము వివరింప నక్కరలేదు.

1972 సెప్టెంబరు 30న ఆయన 3000వ హిట్టు కొట్టెను. లీగు లెక్కలలో చేరిన హిట్లలో అదే చివరిది యగునని నాడు ఎవ్వరును ఎరుగరు.

ఆ డిసెంబరు 23న నికరాగువా దేశ రాజధాని మనాగ్వా భూకంపమున కూలిపోయెను. వేలకొలది ప్రజలు మరణించిరి. క్లెమెంటే క్రిందటి నెలలోనే పోర్టోరికో ఔత్సాహిక జట్టును తీసికొని ఆ నగరమున కొంతకాలముండి వచ్చెను. అచటివారు ఆయనకు తెలిసినవారు. ఆయన పోర్టోరికోలో ఇంటింట విరాళములు పోగుచేయించి, మందులు, ఆహారము విమానములపై పంపెను. అవి బాధితులకు చేరకుండ అచటి సైనికులు కాజేయుచున్నారను వార్త వచ్చెను. తాను స్వయముగ పోయినచో ఎవ్వరును ముట్టరని నిశ్చయించుకొనెను. డిసెంబరు 31 రాత్రి, భార్య వేరాను, ముగ్గురు చిన్న కుమారులను విడిచి బయలుదేరెను. ఆ పాత విమానము మోయదగినదానికంటె ఎక్కువ బరువు మోయుచుండెను. ఎగిరిన కొలది సేపటికే సముద్రమున పడిపోయెను. అందున్న అయిదుగురును మరణించిరి. క్లెమెంటే శరీరము దొరకలేదు. అప్పటికి ఆయనకు ముప్పది యెనిమిదేండ్లు.

ఆట విరమించిన అయిదేండ్ల తరువాతనే ఆటగానిని కీర్తి మందిరమునకు ఎన్నుకొనుట నియమము. ఆయన విషయమున ఆ నియమమును సడలించి 1973లోనే చేర్చిరి. లాటిన్ అమెరికా వారిలో ఆ గౌరవమందిన మొదటివాడాయనయే. ప్రజాసేవ చేయు ఆటగానికి ఏటేట ఇచ్చు బహుమానము ఆయన పేరనే ఉన్నది. ఆ బహుమానముపై పేరు రొబెర్టో యనియే ఉన్నది, బాబ్ అని కాదు.

విద్యార్థులారా, మిమ్ములను గూర్చియు ఎవరో ఒకరు తూకము వేయుచునే యుందురు. వీడు పైకి వచ్చునందురు, వీడు రాడందురు. ఆ తూకము వేయువారు చెడ్డవారు కారు. బ్రూక్లిన్ వారును ఆట తెలియనివారు కారు. కాని వారు చూచినది చేయి, కాలు, కర్ర మాత్రమే. నొప్పితో ఆడుటను, పేరును విడువకుండుటను, ఆపదలోనున్నవారి కొరకు పండుగ రాత్రి బయలుదేరుటను తూచు రాయి వారియొద్ద లేదు. బల్లపై కూర్చుండబెట్టిన నాడు క్లెమెంటే బంతి విసరుట మానియుండినచో సుకెఫోర్తునకు చూచుటకేమి ఉండెడిది?

తల్లిదండ్రులకును మాదొక మనవి. బిడ్డ పరాయి భాషలో తడబడినపుడు తెలివి లేదని తలపకుడు. వానికి మరియొక భాష నిండుగ వచ్చునని గుర్తుంచుకొనుడు.