నీటికి లెక్క నేర్పిన ఇంజనీరు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పేరు చెప్పగానే మనకు కృష్ణరాజసాగర్ ఆనకట్ట, 1955లో అందుకున్న భారతరత్న గుర్తుకొస్తాయి. ఊరి మురుగునూ తాగే నీటినీ వేరుచేయడానికి ఆయన పడిన శ్రమ మాత్రం చాలామందికి తెలియదు. మన బిచ్కుంద వంటి ఊళ్లకు పనికివచ్చే పాఠం అందులోనే ఉంది.

వారి పూర్వీకులది మోక్షగుండం గ్రామం. ఆయన 1861లో మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్ళిలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, పిల్లలకు పాఠాలు చెబుతూ బెంగుళూరులో చదువుకున్నారు. పూనాలో ఇంజనీరింగు పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. 1894-95లో సింధులోని సుక్కూరు పట్టణానికి మంచినీరు అందించే పని ఆయనపై పడింది. వడపోత కట్టడాలకు పురపాలక సంఘం వద్ద సొమ్ము లేదు. నదీగర్భంలోనే బావి తవ్వించి, ఇసుక పొరలే నీటిని వడకట్టేలా చేశారు. 1906లో ఏడెన్ వెళ్లి అక్కడి నీటి సరఫరా, మురుగు పారుదలపై నివేదిక ఇచ్చారు.

1908లో, 47 ఏళ్ల వయసులో, స్వచ్ఛందంగా ఉద్యోగ విరమణ చేశారు. మన భాషలో చెప్పాలంటే ఆయన కూడా పెన్షనరే! విశ్రాంతి మాత్రం దొరకలేదు. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలాది మంది ప్రాణాలు పోయాయి. విదేశాల్లో పర్యటిస్తున్న ఆయనను నిజాం ప్రభుత్వం పిలిపించింది. 1909లో వచ్చి, ముందుగా వర్షపాతం లెక్కలు సేకరించారు. మూసీ పరీవాహకంలోని 788 చెరువులలో 221 తెగిపోయాయని తేల్చారు. నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలని సూచించారు. అవే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్.

అంతటితో ఆగలేదు. వరద ఒక్కరోజుది, మురుగు నిత్యం ఉండేది. అందుకే ఇళ్ల మురుగును భూగర్భ కాల్వల ద్వారా తరలించే పథకమూ తయారుచేశారు. 1912 నుండి 1918 వరకు మైసూరు దివాన్‌గా పనిచేసిన తరువాత కూడా, హైదరాబాదు మురుగు పనులకు సలహా ఇవ్వడానికి మళ్లీ వచ్చారు. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండిన తరువాత, కన్నుమూశారు.

ఆయన మరణానంతరం చట్టాలు వచ్చాయి. 1974లో జలకాలుష్య నివారణ చట్టం, 1976లో మన రాష్ట్రంలో కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడ్డాయి. ఆయన సూచించిన ఆ జంట జలాశయాల రక్షణ కోసం 1996లో ప్రభుత్వం 111వ నెంబరు జీవో జారీచేసింది. అయినా ఒక నూనెల పరిశ్రమకు మినహాయింపు ఇచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. హాని లేదని రుజువు చేయవలసిన భారం పరిశ్రమపైనే ఉంటుందని కోర్టు 1999లో చెప్పి, 2000 డిసెంబరులో ఆ మినహాయింపును కొట్టివేసింది. 2022లో 111వ జీవోలోని ఆంక్షలను ప్రభుత్వం ఎత్తివేసినా, ఆ తీర్పులోని న్యాయం మిగిలే ఉంది. నీటిని పాడుచేయగలిగే స్థితిలో ఉన్నవారే జవాబు చెప్పాలి.

మంజీర చెంతనే ఉన్న మనకు ఇది దూరపు ముచ్చట కాదు. మురుగుకాల్వ పక్కనుండి పోయే నల్లా పైపు ఒకచోట పగిలితే చాలు, చిన్నపిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం, క్లోరిన్‌తో శుద్ధిచేసిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలి సూక్ష్మజీవి ఒక్కటీ కనిపించరాదు. పరీక్ష ఎప్పుడు చేశారు, ఫలితమేమిటి అని అడిగే హక్కు 2005 సమాచార హక్కు చట్టం ద్వారా మనకుంది. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఫైళ్లతో జీవితం గడిపిన మనకు దరఖాస్తు రాయడం, తేదీ వేయడం, రశీదు తీసుకోవడం ఎవరూ నేర్పనక్కరలేదు. పైపు పగిలిన చోటు, రోజు, బాగుచేసిన రోజు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకుందాం. కోపంతో అడిగినదాన్ని దాటవేయవచ్చు. లెక్కతో అడిగినదానికి జవాబు చెప్పక తప్పదు. విశ్వేశ్వరయ్య గారికి మనం అర్పించగల నివాళి అదే.