పొలానికి ఎరువు, కందకానికి విషం: ఫ్రిట్జ్ హేబర్ కథ

యూరియా బస్తా కోసం తెల్లారకముందే సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి కూర్చునే రైతుకు ఫ్రిట్జ్ హేబర్ పేరు తెలియకపోవచ్చు. ఇంటర్ కెమిస్ట్రీ చదివిన పిల్లలకు మాత్రం తెలుసు. గాలిలోని నత్రజనిని పట్టి అమ్మోనియాగా మార్చే పద్ధతికి ఆయన పేరే పెట్టారు. రామగుండంలో ఇవాళ యూరియా తయారయ్యేది కూడా ఆ పద్ధతితో వచ్చిన అమ్మోనియా నుంచే. ప్రపంచంలో దాదాపు సగం మంది తినే తిండికి ఈ ఎరువే ఆధారమని ఒక అంచనా. ఇంత మేలు చేసిన మనిషే ఆధునిక యుద్ధంలోకి విషవాయువును తెచ్చాడు.

హేబర్ 1868లో బ్రెస్లావ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. అప్పట్లో అది జర్మన్ల ఊరు, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. కాన్పు తర్వాత కొద్ది రోజులకే తల్లి చనిపోయింది. తండ్రిది రంగుల వ్యాపారం. చదువులో చురుకైనవాడే, సైన్యంలో శిక్షణ కూడా పొందాడు. కానీ యూదుడు కాబట్టి ఆఫీసర్ హోదా ఇవ్వలేదు. 1892లో మతం మార్చుకుని క్రైస్తవుడయ్యాడు. అందరికంటే ఎక్కువ జర్మన్‌ని అనిపించుకోవాలన్న తపన ఆ తర్వాత ఆయన వేసిన ప్రతి అడుగులోనూ కనిపిస్తుంది.

ఆ రోజుల్లో యూరప్ మొత్తానికి ఒకటే బెంగ. జనం పెరుగుతున్నారు, పొలాలకు నత్రజని చాలడం లేదు. దక్షిణ అమెరికాలోని చిలీ ఎడారి నుంచి ఓడల్లో వచ్చే సురేకారమే దిక్కు. 1909లో హేబర్ ప్రయోగశాలలో విపరీతమైన ఒత్తిడిలో, వేడిలో గాలి నుంచి అమ్మోనియా చుక్కలుగా కారింది. బీఏఎస్ఎఫ్ కంపెనీ ఇంజినీరు కార్ల్ బోష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. 1913లో ఓప్పావ్‌లో ప్లాంటు మొదలైంది. రొట్టె సమస్య తీరిపోయినట్టే అనుకున్నారు.

ఏడాది తిరగకుండానే యుద్ధం వచ్చింది. అప్పటికే యూరప్ రెండు ముఠాలుగా చీలి ఉంది. జర్మనీ, ఆస్ట్రియా-హంగేరీ ఒకవైపు. ఫ్రాన్స్, రష్యా, వాళ్లతో ఒప్పందాలు చేసుకున్న బ్రిటన్ ఇంకోవైపు. సారాయెవోలో 1914 జూన్‌లో పేలిన తుపాకీ ఆగస్టు మొదటి వారానికల్లా వీళ్లందర్నీ యుద్ధంలోకి లాగింది. ఒకరికి ఇచ్చిన మాట కోసం ఇంకొకరు దిగడమే. బ్రిటన్ దిగడంతో అసలు చిక్కు వచ్చిపడింది. సముద్రం దాని చేతిలో ఉంది. చిలీ ఓడలు ఆగిపోయాయి. సురేకారం ఎరువుకే కాదు, మందుగుండుకూ కావాలి. అది లేకపోతే జర్మన్ ఫిరంగులు కొన్ని నెలల్లో మూగబోవాలి. అలా జరగలేదు. పొలాల కోసం కనిపెట్టిన అమ్మోనియాను నైట్రిక్ ఆమ్లంగా మార్చి ఫిరంగి గుండ్లలోకి పంపించారు. ఒక్క పద్ధతి యుద్ధాన్ని ఏళ్ల తరబడి సాగదీసింది. ముందు యుద్ధాల్లో సైన్యం ఓడితే రాజు ఓడిపోయేవాడు. ఈసారి సైన్యం వెనక ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ నడిచినంత కాలం యుద్ధం నడిచింది.

హేబర్ అక్కడితో ఆగలేదు. కందకాల్లో రెండు సైన్యాలూ ఇరుక్కుపోయాయి, ముందుకు కదలడం లేదు. జర్మనీ రంగుల కంపెనీల దగ్గర క్లోరిన్‌కు కొదవ లేదు. దాన్ని సిలిండర్లలో నింపి గాలివాటంగా శత్రువు మీదికి వదలాలని ప్రతిపాదించాడు. విషవాయువు నింపిన గుండ్లు పేల్చకూడదని హేగ్ ఒప్పందం ఉంది. సిలిండర్ గుండు కాదు కదా అని సైన్యం సమర్థించుకుంది. ఇలాంటి తెలివికి ఎప్పుడూ కరువు లేదు!

1915 ఏప్రిల్ 22 సాయంత్రం, బెల్జియంలోని ఈప్రె దగ్గర, 5 వేలకు పైగా సిలిండర్లు ఒకేసారి తెరిచారు. సుమారు 150 టన్నుల క్లోరిన్ పసుపుపచ్చని మబ్బులా నేల మీద పాకింది. హేబర్ దగ్గరుండి అంతా చేయించాడు. ఎదురుగా ఉన్నది ఫ్రెంచి దళాలు, అందులో అల్జీరియా డివిజన్ ఒకటి. ఎవరి యుద్ధమో తెలియకుండా వలస దేశం నుంచి తెచ్చిన సైనికులు ఊపిరాడక పడిపోయారు. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 26న, అదే చోట ఎదురుదాడికి దిగిన భారతీయ లాహోర్ డివిజన్ మీదకీ వాయువు వచ్చింది. జమాదార్ మీర్ దస్త్ అనే ఆఫ్రిదీ పఠాన్ ఆ రోజు చెల్లాచెదురైన మనుషుల్ని కూడగట్టి నిలబెట్టాడు. కాల్పుల మధ్యే ఎనిమిది మంది ఆఫీసర్లను సురక్షితంగా చేర్చడంలో సాయపడ్డాడు. ఆయనకు విక్టోరియా క్రాస్ వచ్చింది, దాంతోపాటు పాడైన ఊపిరితిత్తులు కూడా.

హేబర్‌కు కెప్టెన్ హోదా దక్కింది. అంతకుముందు కాదన్న హోదా అది.

ఆయన భార్య క్లారా ఇమ్మర్‌వార్ కూడా రసాయన శాస్త్రవేత్తే. బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన తొలి మహిళ ఆమె. పెళ్లయ్యాక పరిశోధన పోయింది, ఇల్లే మిగిలింది. 1915 మే 2న భర్త సర్వీసు పిస్తోలుతో ఆమె కాల్చుకుని చనిపోయింది. కారణం ఇదొక్కటేనని ఎవరూ చెప్పలేరు, దాంపత్యం అప్పటికే చెడిపోయి ఉంది. తల్లిని ముందుగా చూసింది పన్నెండేళ్ల కొడుకు హెర్మన్. ఆ పిల్లవాణ్ని వదిలి హేబర్ తూర్పు రంగంలో వాయువు పనికి వెళ్లిపోయాడు. ఈ ఒక్క విషయంలో ఆయన తరఫున వకాలత్ పట్టుకోవడం నాకైతే సాధ్యం కాదు.

కొన్ని నెలల్లో బ్రిటన్ కూడా లూస్ దగ్గర అదే క్లోరిన్ వదిలింది. ఆ తర్వాత ఫాస్జీన్, మస్టర్డ్ గ్యాస్. ఒకవైపు కనిపెడితే రెండోవైపు అంతకు మించినది తెచ్చింది. యుద్ధం ముగిసేసరికి వాయువుతో దాదాపు 90 వేల మంది చనిపోయారని అంచనా. ఓడిన జర్మనీ శాస్త్రవేత్తకు 1918 సంవత్సరపు నోబెల్ బహుమతి ఇచ్చారు, అమ్మోనియాకే. చాలామంది మండిపడ్డారు. యుద్ధ నష్టపరిహారం కట్టడానికి సముద్రపు నీటి నుంచి బంగారం తీద్దామని హేబర్ ఏళ్లపాటు ప్రయత్నించాడు. నీళ్లలో అంత బంగారమే లేదని తేలింది.

1933లో హిట్లర్ ప్రభుత్వం యూదుల్ని ఉద్యోగాల నుంచి తీసేయమంది. పాత సైనికుడిగా హేబర్‌కు మినహాయింపు ఉంది. కానీ తన సంస్థలోని యూదుల్ని తనే తొలగించాలి. రాజీనామా చేశాడు. మతం మార్చుకున్నా, దేశం కోసం విషం చిమ్మినా, లెక్కలో యూదుడిగానే మిగిలాడు. కొన్నాళ్లు కేంబ్రిడ్జిలో తలదాచుకున్నాడు. 1934 జనవరి 29న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో గుండె ఆగి చనిపోయాడు.

ఆయన సంస్థలో పురుగుల మందుగా మొదలైన సైనైడ్ వాయువుల పరిశోధన నుంచే తర్వాత జైక్లాన్ బి వచ్చింది. నాజీలు గ్యాస్ చాంబర్లలో వాడింది దాన్నే. ఆ శిబిరాల్లో చనిపోయినవాళ్లలో హేబర్ బంధువులూ ఉన్నారు. కొడుకు హెర్మన్ 1946లో అమెరికాలో ఆత్మహత్య చేసుకున్నాడు. క్లారా అస్థికలను మాత్రం అంతకుముందే, హేబర్ కోరిక ప్రకారం, బాసెల్‌కు తెచ్చి ఆయన పక్కనే ఉంచారు.