బూర్గుల రామకృష్ణారావు

బూర్గుల రామకృష్ణారావు (1899 మార్చి 13 - 1967 సెప్టెంబరు 14) స్వాతంత్ర్య సమరయోధుడు, న్యాయవాది, బహుభాషావేత్త. హైదరాబాదు రాష్ట్రానికి ఎన్నికల ద్వారా వచ్చిన మొదటి ముఖ్యమంత్రి, చివరి ముఖ్యమంత్రి కూడా ఇతడే.

ఇంటిపేరు

ఇతని వంశీయుల అసలు ఇంటిపేరు పుల్లంరాజు. స్వగ్రామం బూర్గుల కావడంతో కాలక్రమంలో ఊరిపేరే ఇంటిపేరుగా స్థిరపడింది. తెలుగువారి ఇంటిపేర్లలో చాలా భాగం ఇలా గ్రామనామాల నుండి వచ్చినవే. ఊరు విడిచి వెళ్ళినవారిని కొత్తచోట పాత ఊరిపేరుతో గుర్తించడం సహజం. విచిత్రమేమంటే రామకృష్ణారావు పుట్టింది బూర్గులలో కాదు, కల్వకుర్తి సమీపంలోని పడకల్లులో. బూర్గుల గ్రామం ఇప్పుడు రంగారెడ్డి జిల్లా ఫరూఖ్‌నగర్ మండలంలో ఉంది. 1952లో ఇతడు శాసనసభకు ఎన్నికైన షాద్‌నగర్ నియోజకవర్గం ఆ ప్రాంతానిదే.

విద్య, ఉద్యమం

హైదరాబాదులోని ధర్మవంత్ పాఠశాలలో చదివి, పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో పట్టభద్రుడై, 1923లో బొంబాయి విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టా పొందాడు. తరువాత హైదరాబాదులో న్యాయవాదిగా పేరు గడించాడు. పి.వి.నరసింహారావు ఇతని వద్ద జూనియరుగా పనిచేశాడు.

1921 నవంబరులో కోఠి సమీపాన వివేకవర్ధని ప్రాంగణంలో జరిగిన సంఘసంస్కార సభలో ఒక వక్త తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుండి ఆంధ్రజనసంఘం పుట్టింది. అదే నిజామాంధ్ర మహాసభగా ఎదిగింది. 1931లో దేవరకొండలో జరిగిన రెండవ మహాసభకు బూర్గుల అధ్యక్షత వహించాడు.

ముఖ్యమంత్రిగా

1950లో వెల్లోడి మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా రక్షిత కౌలుదారుల చట్టం అమలుకు పాటుపడ్డాడు. 1952 మార్చి 6న ముఖ్యమంత్రి అయ్యాడు. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు కలిసిన ఆ రాష్ట్రానికి ఇతని భాషాజ్ఞానం అక్కరకు వచ్చింది. అయితే అదే ఏడాది సెప్టెంబరులో ముల్కీ ఆందోళన సందర్భంగా జరిగిన పోలీసు కాల్పులలో పలువురు మరణించడం అతని పాలనకు మచ్చగా మిగిలింది.

విశాలాంధ్ర విషయంలో మొదట సందేహించినా, చివరకు అధిష్ఠానం నిర్ణయానికి అంగీకరించాడు. అందువల్ల తన పదవీ, తాను పాలించిన రాష్ట్రమూ రెండూ పోతాయని తెలిసే ఒప్పుకున్నాడు. 1956 అక్టోబరు 31తో పదవీకాలం ముగిసింది. అటుపై కేరళకు, 1960 నుండి 1962 వరకు ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా పనిచేశాడు.

రచనలు

సౌందర్యలహరి, కనకధారాస్తవములను తెలుగులోకి అనువదించాడు. సారస్వత వ్యాస ముక్తావళి ఇతని వ్యాససంపుటి. పారసీ, ఉర్దూ సాహిత్యాలలోనూ మంచి ప్రవేశముండేది.

ఇదే ఇంటిపేరుతో ప్రసిద్ధుడైన మరొకరు బూర్గుల నర్సింగరావు. రామకృష్ణారావు అన్నకొడుకు వరుసైన ఆయన వామపక్ష విద్యార్థి నాయకుడు, 2021లో మరణించాడు.