ఒంటరి పడవలో గలిలీయ సరస్సుకు

గుణదల పక్కగా పారే ఏలూరు కాలువలో ఒకప్పుడు ధాన్యం పడవలు, ప్రయాణికుల పడవలు నడిచేవని ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పగా మనం విన్నదే. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టున నడుస్తూ తాడుతో లాగేవారు. అటు కొల్లేరు లంకల్లోనయితే తాటిదోనెలో ఒక్క మనిషే గెడ వేసుకుంటూ పోయేవాడు. ఊరికీ చేపల వలకీ మధ్య రాకపోకలకు అది చాలు. అంతకంటె కొంచెమే పెద్ద పడవలో ఒక్కడే కూర్చుని ఐరోపా నదులు, సరస్సులు, కాలువలు దాటి, చివరకు మన ప్రభువు నడిచిన గలిలీయ సరస్సు నీళ్లలో తెడ్డు వేసిన వ్యక్తి జాన్ మెక్‌గ్రెగర్.

ఆయన 1825 జనవరి 24న ఇంగ్లండులోని గ్రేవ్‌సెండ్‌లో పుట్టారు. తండ్రి సైనికాధికారి. నెల కూడా నిండని బిడ్డను తీసుకొని తల్లిదండ్రులు కెంట్ అనే ఓడ ఎక్కారు. ఆ ఓడ బయలుదేరింది మన దేశానికే, బెంగాలు రేవుకు. మార్చి 1న బిస్కే అఖాతంలో తుఫానుకు ఊగిపోతుండగా ఓడకు నిప్పంటుకుంది. అడుగున మంట, చుట్టూ కొండలంత అలలు. మందుగుండు గదికి నిప్పు చేరితే అంతటితో సరి. ఇక ఆశ లేదనుకున్న తండ్రి తమ స్థితిని నాలుగు ముక్కల్లో కాగితంపై రాసి, సీసాలో పెట్టి సముద్రంలోకి విసిరాడు. ఇంతలో కేంబ్రియా అనే చిన్న ఓడ అటుగా వచ్చింది. ముందుగా పడవలోకి దించిన స్త్రీలు, పిల్లలతో పాటు ఈ పసికందును కూడా దించారు. సుమారు 550 మంది బతికి బయటపడ్డారు. ఎనభై మంది వరకు పోయారు, వారిలో పసిపిల్లలూ ఉన్నారు. ఆ సీసా ఏడాదిన్నర తరువాత ఎక్కడో బార్బడోస్ దీవి ఒడ్డున దొరికింది.

జాన్ కేంబ్రిడ్జిలో చదివి న్యాయవాది అయ్యారు. కాని కోర్టుకంటె లండను వీధిపిల్లల మీదే ఆయనకు ధ్యాస ఎక్కువ. 1851లో అక్కడ పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు దిక్కులేని కుర్రాళ్లకు బూట్లు తుడిచే పని కల్పించిన వారిలో ఆయనొకరు. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆయన ప్రొటెస్టంటు. ఊరికే ప్రొటెస్టంటు కూడా కాదు, మన శ్రీసభను ఎదిరించడానికి పెట్టిన సంఘానికి కార్యదర్శిగా పనిచేసినవారు. పడవలో సైతం తమ కరపత్రాలు పెట్టుకొని దారి పొడుగునా పంచేవారు. ఈ విషయంలో ఆయనకూ మనకూ పొత్తు కుదరదు. అందుకని ఆ పడవను చూడకుండా మొహం తిప్పుకుంటే నష్టం మనకే.

పడవ పేరు రాబ్ రాయ్. మెక్‌గ్రెగర్ వంశంలో పేరుమోసిన వీరుడి పేరది. పొడవు 15 అడుగులు, వెడల్పు రెండున్నర అడుగులకు లోపు, బరువు 36 కిలోలు. ఇంగ్లండు పడవల్లో తెడ్లు వేసేవాడు వెనక్కు తిరిగి కూర్చుంటాడు. వచ్చిన దారి కనబడుతుంది గాని పోయే దారి కనబడదు. ఇందులో ముందుకు చూస్తూ కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న ఒకే తెడ్డును కుడి ఎడమలకు మార్చి మార్చి వేయాలి. మంచుదేశపు ఎస్కిమోల పద్ధతి అది.

1865 వేసవిలో థేమ్స్ నదిలో బయలుదేరి, రైను, డాన్యూబు, మోజెల్, సేన్ నదులు, కాన్‌స్టన్స్, జూరిక్, లూసర్న్ సరస్సులు చుట్టి సుమారు వెయ్యి మైళ్లు తిరిగారు. మూడు నెలల సామాను ఒక అడుగు చదరం, ఆరంగుళాల మందం ఉన్న సంచిలో సర్దుకున్నారు. నదికీ నదికీ మధ్య పడవను రైలు మీదనో బండి మీదనో వేసేవారు. కాలువల్లో లాకు అడ్డం వస్తే పెద్ద పడవలు తలుపులు తెరిచేదాకా కాచుకోవాలి. ఈయన పడవను గట్టు మీదికి ఈడ్చి అవతల నీళ్లలో దించుకుని సాగిపోయేవారు. ఆ ప్రయాణం గురించి 1866లో పుస్తకం వచ్చింది. దాని రాబడిని సముద్ర ప్రమాదాల్లో రక్షణ పడవలు నడిపే సంస్థకు, ఓడ మునిగిన నావికులను ఆదుకునే సంఘానికి ఇచ్చేశారు. కెంట్ ఓడ సంగతి ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

1868లో కొత్త పడవతో తూర్పు దేశాలకు వచ్చారు. సూయజ్ కాలువ ఇంకా తవ్వకంలోనే ఉంది. దాని ప్రారంభోత్సవం 1869 నవంబరులో గాని జరగలేదు. ఆ కాలువలో తెడ్డు వేసుకుంటూ ఎర్ర సముద్రం చూసి, తరువాత పడవను గుర్రం మీద కట్టి లెబానోను కొండలు దాటించి దమస్కు చేరారు. కుష్ఠరోగి నామాను యోర్దానుకంటె గొప్పవని పట్టుబట్టిన నదులు అక్కడివే. వాటిలోనూ పడవ దింపి చూశారు.

అసలు కష్టం యోర్దాను ఎగువన హూలే సరస్సు దగ్గర ఎదురయింది. నిలువెత్తు తుంగ, బురద, దారీతెన్నూ లేని పాయలు. కొల్లేరు చూసినవారికి వేరే వర్ణన అక్కరలేదు. అక్కడి అరబ్బులు తుపాకి గురిపెట్టి పట్టుకొని, పడవను అందులోని మనిషితో సహా ఎత్తుకొని తమ నాయకుడి గుడారానికి మోసుకుపోయారు. తోడు ఒక్కడూ లేడు. ఆయన చిన్న డబ్బీ తీసి అందులోని తెల్లని పొడిని నాయకుడికి ఇచ్చారు. పంచదార అనుకుని నోట్లో వేసుకుంటే అది ఉప్పు! ఉప్పు తిన్నవాడికి ద్రోహం చేయకూడదన్నది మనకు తెలిసినట్టే వాళ్లకూ తెలుసు. బేరసారాలయ్యాక విడిచిపెట్టారు.

అక్కడినుండి గలిలీయ సరస్సు. సముద్రమట్టానికి రెండు వందల మీటర్లకు పైగా దిగువన, చుట్టూ కొండల మధ్య, 21 కిలోమీటర్ల పొడవున ఉంటుంది. గాలి ఉన్నట్టుండి లేస్తుంది. శిష్యులు ఎందుకు భయపడి ప్రభువును లేపారో సువార్త చదివిన మనకంటె ఆ చిన్న పడవలో కూర్చున్నవాడికి బాగా తెలిసి ఉండాలి. కఫర్నాము, బెత్సయిదా ఊళ్లు సరిగ్గా ఎక్కడ ఉండేవని పండితులు వాదించుకుంటున్న రోజులవి. ఈయన ఒడ్డు వెంబడి మెల్లగా పోతూ, తేట నీటి అడుగున పాత రేవుల రాళ్లు ఏమైనా కనబడతాయా అని వంగి వెదికారు.

1873లో పెళ్లి చేసుకున్నారు, ఇద్దరు కూతుళ్లు కలిగారు. 1892 జూలై 16న కన్నుమూశారు. ఆయనను పట్టుకున్న హూలే సరస్సును 1950 దశకంలో కాలువలు తవ్వి ఎండగట్టి పొలాలు చేశారు. ఆ తరువాత కొంత భాగానికి మళ్లీ నీళ్లు వదిలారు గాని, ఆనాటి తుంగలు, పాయల మలుపులు ఎలా ఉండేవో చూడాలంటే ఆయన గీసిన పటం తెరవవలసిందే.