మనుషులను కొలిచిన ఎడ్గార్ థర్‌స్టన్

దక్షిణ భారతదేశ ప్రజలను గూర్చి వ్రాసిన పాశ్చాత్యులలో ఎడ్గార్ థర్‌స్టన్ గారి పేరు ముందుగా వినవస్తుంది. కులాలను, తెగలను గూర్చి పరిశోధించేవారు నేటికీ ఆయన సంపుటాలను తిరగవేస్తూనే ఉన్నారు. ఆయన జీవితాన్ని, ఆయన నమ్మిన శాస్త్రానికి పట్టిన గతిని విద్యార్థి సోదర సోదరీమణుల ముందు క్లుప్తంగా ఉంచదలచాము.

థర్‌స్టన్ 1855లో ఇంగ్లండులో జన్మించారు. లండన్‌లోని కింగ్స్ కళాశాలలో వైద్యవిద్య నభ్యసించి, 1885లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటుగా వచ్చారు. మొదట ముత్యపు చిప్పల వేట, ప్రాచీన నాణెములు ఆయన దృష్టి నాకర్షించాయి. 1894 ప్రాంతంలో మానవ శరీరపు కొలతల వైపు మళ్ళారు. 1901లో భారత ప్రభుత్వం రిస్లీ దొర ఆధ్వర్యంలో జాతుల సర్వేను తలపెట్టగా, మద్రాసు రాజధాని భారం థర్‌స్టన్‌పై పడింది. మ్యూజియంలోని కె. రంగాచారి గారి సహాయంతో ఆయన కూర్చిన ఏడు సంపుటాలు 1909లో వెలువడ్డాయి.

ఆనాటి శాస్త్రజ్ఞుల విశ్వాసం చిత్రమైనది. ముక్కు వెడల్పును దాని పొడవుతో భాగించి నూటితో గుణిస్తే నాసికా సూచిక వస్తుంది. అది డెబ్బదికి లోపైతే సన్నముక్కు, ఎనుబదియైదు దాటితే వెడల్పు ముక్కు. ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ సంఘంలో హోదా తగ్గుతుందని రిస్లీ వాదించారు. దేశాన్ని ప్రాంతాలవారీగా ఏడు శరీర నమూనాలుగా విభజించి, మన ప్రాంతాన్ని ద్రావిడ నమూనాలో చేర్చారు. అయితే తెలుగు, కన్నడ సీమలవారి తలలు తమిళ, మలయాళ సీమలవారి తలలకంటె వెడల్పని థర్‌స్టన్ కొలతలే చూపాయి. ఒకే నమూనాలో ఇన్ని తేడాలుండగా ఆ గీతలకు విలువేమిటి?

కొలబద్ద కనబడితే జనం బెదిరిపోయేవారు. తమలో చక్కనివారిని మ్యూజియంలో గడ్డి కూరి నిలబెడతారని వైనాడు పణియ స్త్రీలు భయపడ్డారట. దక్షిణాఫ్రికా యుద్ధం ముగిసిన రోజులవి. బోయన్ అనే బిరుదు గల ఒడ్డెవారు, చనిపోయిన బోయర్ల స్థానంలో తమను ఓడ లెక్కిస్తారని తలచి, కోయంబత్తూరులో ఆయన వెళ్ళేదాకా ఇటుకబట్టీకి నిప్పు పెట్టలేదు. ఈ సంగతులను థర్‌స్టన్ స్వయంగా వ్రాసుకొన్నారు. వారి భయం అకారణమని మేము అనలేము. 1911లో నేరజాతుల చట్టం మద్రాసు రాజధానికి విస్తరించగా, ఎరుకలవారు పుట్టుకతోనే నేరస్థులనే ముద్రను మోయవలసి వచ్చింది. దేశమంతటా ఆ చట్టం 1952లో గాని తొలగలేదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే. కడప జిల్లాలో అధికంగా ఉన్న తొగటవారిని, వారు నేసే ముతక బట్టలను థర్‌స్టన్ పేర్కొన్నారు. దూది ఏకే దూదేకులవారికి ప్రత్యేకంగా ఒక వ్యాసమే ఉన్నది. ఇస్లామును అవలంబించి, ఇంట తెలుగు మాట్లాడే ఆ సోదరులను ఏ నాసికా సూచిక ఏ గడిలో ఉంచగలదు? అడిగి తెలుసుకొన్న వృత్తులు, పెండ్లి ఆచారాలు, ఇంటిపేర్లు నేటికీ ఉపకరిస్తుండగా, కొలిచి వ్రాసిన అంకెలు నిరుపయోగమైనాయి.

థర్‌స్టన్ 1935లో ఇంగ్లండులో కన్నుమూశారు. అంతకు ముందే, అమెరికాకు వలస వెళ్ళిన వారి పిల్లల తలల ఆకారం తల్లిదండ్రుల తలల వలె లేదని ఫ్రాంజ్ బోయస్ 1912 నాటికి నిరూపించి ఉన్నారు. 2009లో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, అమెరికా పరిశోధకులు కలిసి ఇరువది ఐదు సమూహాల జన్యువులను పరీక్షించారు. భారత ప్రధాన భూభాగంలోని సమూహాలలో దాదాపు అన్నిటిలోను రెండు ప్రాచీన వంశధారలు, పాళ్ళు వేరైనా, కలిసి ఉన్నాయని తేల్చారు.

థర్‌స్టన్ శ్రమ, ఓర్పు మనకు ఆదర్శప్రాయములే. అయినను ముఖం చూసి, పేరు విని, మనిషి అంతస్తును నిర్ణయించే అలవాటు మన సంఘంలో నేటికీ మిగిలి ఉన్నది. ఉర్దూ, తెలుగు ఒకే బల్లపై చదువుకొనే మన విద్యార్థులు ఆ అలవాటుకు స్వస్తి చెప్పగలరని మేము ఆశిస్తున్నాము.