తారనాథుడు

బౌద్ధమతం భారతదేశంలో పుట్టింది. కాలక్రమాన ఇక్కడి విహారాలు శిథిలమై, గ్రంథాలు చాలావరకు నశించాయి. ఆ చరిత్రను టిబెట్టు భాషలో నిలిపినవారిలో తారనాథుడు ముఖ్యుడు.

ఆయన 1575లో టిబెట్టులో జన్మించాడు. జొనాంగ్ శాఖకు ఆచార్యుడయ్యాడు. భారతదేశానికి ఎన్నడూ రాలేదు. అయినా టిబెట్టుకు వెళ్లిన బుద్ధగుప్తనాథుడనే భారతీయ యోగిని గురువుగా సేవించి, ఆయన తిరిగిన క్షేత్రాల విశేషాలు శ్రద్ధగా విన్నాడు. పాత గ్రంథాలను కూడా పరిశీలించి, 1608లో భారతదేశ బౌద్ధమత చరిత్రను రచించాడు. అందులో ఆచార్య నాగార్జునుడు, కృష్ణాతీరంలోని ధాన్యకటకం, శ్రీపర్వతం కనిపిస్తాయి. గాథలు కలిసి ఉన్నందువల్ల చరిత్రకారులు దానిని శాసనాలతో పోల్చి చూస్తారు.

తారనాథుడు 1634లో మరణించాడు. 1869లో ఆ గ్రంథం జర్మను భాషలోకి అనువదింపబడింది. తాను చూడని దేశపు చరిత్రను ఆయన ఆ దేశానికే అందించాడు.